ఉసిరి ఉన్న ఇంట్లో సీ బక్‌థార్న్ అవసరమా?

ప్రశ్న: మా అబ్బాయి లద్దాఖ్ నుంచి సీ బక్‌థార్న్ పండ్ల రసం సీసా తెచ్చాడు. నాలుగు రోజులకే పైన నారింజ రంగు తెట్టు కట్టింది. పాడైందా? రోజుకి ఎంత తాగొచ్చు? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పాడవలేదండీ. ఆ తెట్టే ఈ పండు గొప్పతనం. చాలా పండ్లలో నూనె గింజకే పరిమితం, దీనికి గుజ్జులోనూ ఉంటుంది. సీసా కదలకుండా ఉంటే నూనె, అందులో కరిగిన కెరొటినాయిడ్లు (నారింజ రంగునిచ్చే పదార్థాలు) పైకి తేలతాయి. పిప్పి అడుగుకు దిగుతుంది. తెట్టును తీసి పారబోయకుండా సీసాను బాగా కుదిపి వంచుకోండి. మూత తీయగానే బుస్సుమని గ్యాస్ వచ్చినా, పులిసిన వాసన గానీ ముక్కిన నూనె వాసన గానీ వేసినా మాత్రం వాడకండి.

చక్కెర కలపని రసమైతే రోజుకి రెండు టేబుల్ స్పూన్లు, అంటే 30 మి.లీ. చాలు. గ్లాసుడు చల్లటి నీళ్లలో కలిపి, తిన్న తర్వాత తాగండి. మాలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి పరగడుపున తాగితే కడుపులో మంట రావచ్చు. తాగాక నోరు పుక్కిలించండి, అరగంట దాకా పళ్లు తోమకండి. పాలలో కలిపితే విరిగిపోతాయి. మరిగిస్తే విటమిన్ సి పోతుంది. మూత తీసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు ముగించండి. బట్టల మీద పడితే ఉత్త నీళ్లతో ఆ మరక వదలదు, వెంటనే సబ్బు రుద్దాలి.

ప్రశ్న: ఉసిరికంటే ఇందులో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువంటున్నారు. నిజమేనా? మా నాన్నగారికి షుగరు ఉంది, రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారు. ఇవ్వొచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఒకే అంకె పట్టుకుని చెప్పే మాట అది. మొక్క రకాన్ని, పెరిగిన చోటును, కోసిన సమయాన్ని బట్టి 100 గ్రాముల పండులో విటమిన్ సి వంద మి.గ్రా. లోపు నుంచి వెయ్యి పైదాకా మారుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో ఉసిరికి సుమారు 250, జామకు 200 పైచిలుకు మి.గ్రా. ఉంది. పెద్దవాళ్లకు రోజుకి కావలసింది 80 లోపే. సగం జామకాయతో తీరే అవసరానికి ఖరీదైన సీసా కొనడం నా దృష్టిలో దండగ. ఆ ఖరీదుకు కారణమూ ఉంది. కొమ్మల నిండా ముళ్లు, పండేమో తొడిమను ఓ పట్టాన వదలదు. సెప్టెంబరు ప్రాంతంలో చెట్టు కింద గుడ్డ పరిచి, కొమ్మలను కర్రతో కొట్టి రాలుస్తారు. ఆ దెబ్బలకు చితికిన పండ్లను వెంటనే పిండాలి.

షుగరు ఉన్నవాళ్లు చక్కెర కలపని రసం కొద్దిగా తాగొచ్చు. స్క్వాష్, సిరప్ అని రాసి ఉంటే వద్దు, వాటిలో పండుకంటే పంచదారే ఎక్కువ ఉండొచ్చు. రక్తం పలచబడే మాత్రల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ పండు నూనెకు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు గుమిగూడటాన్ని తగ్గించే గుణం ఉంది. రసమైనా, క్యాప్సూల్ అయినా డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేయాలి.

ప్రశ్న: కళ్లు పొడిబారుతున్నాయి. ఒమేగా-7 క్యాప్సూల్స్ పనిచేస్తాయా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఫిన్లాండ్‌లో రోజుకి 2 గ్రాముల చొప్పున మూడు నెలలు సీ బక్‌థార్న్ నూనె ఇచ్చి చూశారు. చలికాలంలో కన్నీటి పొర చిక్కబడటం కొంత తగ్గింది. ఫలితం ఉంది గానీ కొద్దిపాటిదే. కంటి చుక్కలు మానేసి దీన్ని నమ్ముకోకండి. కొనేముందు లేబుల్ చూడండి. ఒమేగా-7, అంటే పామిటోలియిక్ ఆమ్లం అనే కొవ్వు, గుజ్జు నూనెలోనే ఎక్కువ. అది ఎర్రటి నారింజ రంగులో చిక్కగా ఉంటుంది. గింజ నూనె లేత పసుపు. అందులో ఒమేగా-3, ఒమేగా-6 ఉంటాయి, ఒమేగా-7 నామమాత్రమే. గింజ నూనె సీసా మీద పెద్దక్షరాలతో ఒమేగా-7 అని రాసి ఉంటే కొనకండి.

ప్రశ్న: మా మేడ మీద కుండీలో పెంచొచ్చా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. ఇది గడ్డకట్టే చలికి అలవాటుపడిన మొక్క. పైగా ఆడ, మగ మొక్కలు వేరు, రెండూ ఉంటేనే కాయ. మీ ఎండలకు ఉసిరి హాయిగా కాస్తుంది, దాన్ని నేలలో నాటండి.