స్టెంట్ వేయించుకున్న నాన్నకి ఫోన్ యాప్, స్మార్ట్‌వాచ్ నిజంగా ఉపయోగపడతాయా?

మీ నాన్నగారికి స్టెంట్ వేసి నెల అయిందన్నారు. ఆస్పత్రి వాళ్లు యాప్ పెట్టుకోమన్నారు, మీ అన్నయ్య స్మార్ట్‌వాచ్ కొన్నారు, వీటివల్ల గుండెకి నిజంగా లాభం ఉందా, డబ్బు దండగా అని అడిగారు.

లాభం ఉంది. అయితే మీరు పంపే అంకెల్ని అవతల ఒక మనిషి రోజూ చూసి, తేడా కనిపిస్తే వెంటనే ఫోన్ చేసే ఏర్పాటు ఉంటేనే. ఇది మా నాన్న విషయంలో దెబ్బ తిన్నాక నాకు తెలిసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న రైస్ మిల్లులో గుమస్తాగా చేసి మానేశారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. 2018 నవంబరులో ఆయనకి హార్ట్ ఎటాక్ వచ్చింది, ఒక స్టెంట్ వేశారు. ఎకో (గుండె స్కానింగ్) తీసి పంపింగ్, అంటే గుండె రక్తాన్ని బయటికి నెట్టే శక్తి, 35 శాతమే ఉందన్నారు. డిశ్చార్జి రోజున ఆస్పత్రి వాళ్లే నాన్న ఫోన్‌లో యాప్ వేసి, రోజూ బరువు, బీపీ ఎక్కించమన్నారు. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి కదా, ఒక్క రోజు కూడా తప్పలేదు. ఫోన్ మీద నమ్మకం చాలక మిల్లు నుంచి తెచ్చుకున్న పొడుగాటి చిట్టా పుస్తకంలో కూడా రాసేవారు.

మే నెలలో అత్తయ్య కొత్తావకాయ పంపింది. ఆ వారం చిట్టాలో అంకెలు నాకింకా గుర్తే: 68.2, 69.1, 69.8, 70.6. ఎక్కించిన ప్రతిసారీ యాప్‌లో ఆకుపచ్చ టిక్కు, కింద "మీ వివరాలు నమోదయ్యాయి" అని. టిక్కు పడింది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నారు నాన్న. నేనూ అలాగే అనుకున్నాను. ముందుగా పసిగట్టింది అమ్మ. చెప్పు విప్పితే పాదం మీద పట్టీ అచ్చు లోతుగా దిగబడి ఉందట. ఆ రాత్రి నాన్న రెండు దిళ్లు వేసుకున్నారు, మర్నాడు అసలు పడుకోలేక పడక కుర్చీలో కూర్చునే తెల్లవార్లూ ఆయాసపడ్డారు. తెల్లవారుజామున మూడింటికి అమ్మ నాకు ఫోన్ చేసింది. ఆస్పత్రికి తీసుకెళ్తే ఒంటికి నీరు పట్టిందని ఇంజెక్షన్లు ఇచ్చారు. ఐదు రోజులు ఉండాల్సి వచ్చింది.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఊరగాయల్లోని ఉప్పు ఆ నీటిని ఒంట్లో నిలిపేస్తుంది. వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఆ అంకెలు యాప్‌లో నాలుగు రోజులుగా ఉన్నాయి. వాటిని ఎవరు చూస్తారని ఆస్పత్రి వాళ్లని అడిగితే, "సేవ్ అయి ఉంటాయి మేడం, చెకప్‌కి వచ్చినప్పుడు డాక్టరుగారు చూస్తారు" అన్నారు. అప్పుడు నాకు వచ్చిన కోపం, దుఃఖం ఇంకా తగ్గలేదు.

ఆ తర్వాతే ఈ విషయం మీద పరిశోధనలు ఏం తేల్చాయో వెతికి చదవడం మొదలుపెట్టాను. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. అమెరికాలో గుండె వైఫల్యంతో (గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా నెట్టలేకపోవడం) ఆస్పత్రికి వచ్చిన 1,653 మందితో టెలి హెచ్ఎఫ్ అనే పరిశోధన జరిగింది, 2010లో ఫలితాలు వచ్చాయి. కొందరు రోజూ ఒక నంబరుకి ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతు అడిగే ప్రశ్నలకి బటన్లు నొక్కి బరువు, లక్షణాలు చెప్పాలి. మిగతావాళ్లకి మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే మళ్లీ ఆస్పత్రిలో చేరడంలోగాని చావుల్లోగాని తేడా లేదు. ఫోన్ చేయాల్సిన వాళ్లలో 14 శాతం మంది అసలు ఒక్కసారి కూడా వాడలేదు. చివరి వారానికి వచ్చేసరికి వారంలో కనీసం మూడుసార్లు వాడేవాళ్లు 55 శాతమే.

రెండోది జర్మనీలో జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి. పేరు టిమ్ హెచ్ఎఫ్ 2. గుండె వైఫల్యం ఉన్న పదిహేను వందల మందికి పైగా రోగుల్లో సగం మంది ఇంట్లోనే బరువు, బీపీ, ఈసీజీ తీసి పంపేవారు. బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రిలో డాక్టర్లు, నర్సులు రాత్రింబవళ్లు వాటిని చూసేవారు. తేడా వస్తే ఫోన్ చేసి మందు మార్చేవారు. ఏడాదికి నూటికి మరణాలు ఈ గుంపులో 7.86, మామూలు వైద్యం పొందినవాళ్లలో 11.34. రెండు చోట్లా అంకెలు ఇంటి నుంచే వెళ్లాయి. బెర్లిన్‌లో ఆ అంకె కోసం నిద్ర మేల్కొని కూర్చున్న మనుషులున్నారు. నాకు కనిపించిన పెద్ద తేడా అదే.

మరి మెసేజ్‌ల సంగతేంటని అడుగుతారేమో. అలవాట్లు మార్చడంలో అవి నిజంగానే పనిచేశాయి. సిడ్నీలో క్లారా చౌ అనే డాక్టరు బృందం గుండె రక్తనాళాల జబ్బున్న 710 మందితో టెక్స్ట్ మి అనే ప్రయోగం చేసింది, 2015లో ప్రచురించారు. సగం మందికి వారానికి నాలుగు మామూలు ఎస్ఎంఎస్‌లు, ఆరు నెలల పాటు. తిండి, నడక, పొగ మానడం గురించి, వాళ్ల పేరుతో, వాళ్ల అలవాట్లకి తగ్గట్టు. చివరికి వాళ్ల పై బీపీ, మెసేజ్‌లు అందనివాళ్లకంటే సగటున ఏడున్నర పాయింట్లు తక్కువగా ఉంది. పొగ తాగేవాళ్లు మెసేజ్‌లు అందినవాళ్లలో 26 శాతం, అందనివాళ్లలో 43 శాతం. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేని పద్ధతి ఇది.

నేను దీన్ని ఇంట్లోనే మొదలుపెట్టాను. వారానికి నాలుగు, నేనే టైపు చేసి పంపేదాన్ని. "నాన్నా, ఇవాళ పెరుగన్నంలోకి ఊరగాయ వద్దు, దోసకాయ ముక్క కోయించుకో." "కాలువ గట్టు మీద ఎండెక్కక ముందే ఒక చుట్టు తిరిగి రా." ఆయన జవాబు ఇచ్చేవారు కాదు. కానీ అమ్మ చెప్పేది, మెసేజ్ రాకపోతే ఫోన్ పాడైందేమో చూడమనేవారట. చుట్ట మానడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలెట్టారు. మీ నాన్నగారు పొగ తాగేవారైతే మొదటిసారి తప్పినప్పుడు నిరాశపడకండి, తిట్టకండి.

మాత్రల దగ్గర మాత్రం మెసేజ్‌లని నమ్ముకోకండి. ఇదే సిడ్నీ బృందం తర్వాత 1,424 మంది గుండె రోగుల్లో సగం మందికి ఏడాది పాటు మెసేజ్‌లు పంపి చూసింది, ఫలితాలు 2022లో వచ్చాయి. మాత్రలు సరిగ్గా వేసుకోవడంలో తేడా ఏమీ రాలేదు. మాకెదురైనదాన్ని బట్టి ఇది నాకు ఆశ్చర్యం అనిపించలేదు. నాన్న నీరు పోయే మాత్ర అప్పుడప్పుడు మానేసేవారు. రోజూ ఎనిమిదింటికి ఫోన్‌లో అలారం మోగేది, ఆపేసేవారు. నేను మతిమరుపనుకున్నాను. ఊళ్లో క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మాయి ఒకరోజు పక్కన కూర్చుని "బాబాయ్ గారూ, ఏ రోజుల్లో మానేస్తున్నారో చెప్పండి" అని అడిగింది. తణుకు వెళ్లాల్సిన రోజుల్లోనట. ఆ మాత్ర వేసుకుంటే గంటలో రెండుసార్లు మూత్రానికి వెళ్లాలి, బస్సులో ఎలా? సిగ్గుపడి మాకెవరికీ చెప్పలేదు. డాక్టరుగారిని అడిగితే, ఊరెళ్లే రోజుల్లో మధ్యాహ్నం తిరిగొచ్చాక వేసుకోమన్నారు. అంతే, సమస్య తీరిపోయింది. మీ నాన్నగారు ఏ మాత్ర మానేస్తున్నా ముందు కారణం నెమ్మదిగా అడగండి. స్టెంట్ వేశాక ఇచ్చే రక్తం పలచబడే మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపనివ్వకండి, స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

మా పశ్చిమ గోదావరిలోనే ఇలాంటి పెద్ద పరిశోధన ఒకటి జరిగింది, స్మార్ట్‌హెల్త్ ఇండియా అని. 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లని గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. 2019లో వచ్చిన ఫలితాల్లో బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతం ఈ పద్ధతి ఉన్నప్పుడూ లేనప్పుడూ దాదాపు సమానం. ఇది చదివినప్పుడు బాధేసింది, ఆశా అక్కలు ఎండలో ఎంత తిరుగుతారో నేను కళ్లారా చూశాను. ఇదే పద్ధతిని ఇండోనేషియాలో మలాంగ్ జిల్లాలో పెడితే, ముప్పున్నవాళ్లలో మందులు వాడేవాళ్లు 15 శాతం దాటారు, పెట్టని ఊళ్లలో ఒక్క శాతమే. బీపీ కూడా తగ్గింది. ముప్పుందని ట్యాబ్ చెప్పగలదు. ఆ తర్వాత డాక్టరు మందు రాయాలి, ఆ మందు దొరకాలి, ప్రతి నెలా దొరకాలి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా కిందున్నవాళ్ల కష్టం వృథా అవుతుందని నా అభిప్రాయం.

వాచ్ గురించి. గుండె లయ తప్పడాన్ని పట్టుకోవడంలో అది కొంత పనికొస్తుంది. యాపిల్ వాచ్ మీద అమెరికాలో నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2019లో వచ్చింది. వాళ్లలో లయ తప్పిందని హెచ్చరిక వచ్చినవాళ్లు సుమారు అర శాతమే. కాబట్టి రోజూ దాన్ని చూసి టెన్షన్ పడనక్కర్లేదు. హార్ట్ ఎటాక్‌ని పట్టుకునే శక్తి వాచ్‌కి లేదు, ఇది ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీలో నొప్పో, బరువో, చెమటలో వస్తే వాచ్ ఏమంటుందని చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఆస్పత్రికి ఫోన్ చేసి సూటిగా అడగడం: మా నాన్న ఎక్కించే అంకెలు రోజూ ఎవరు చూస్తారు, ఎంత దాటితే మాకు ఫోన్ చేస్తారు, ఆదివారం రాత్రి తేడా వస్తే ఎవరికి చెప్పాలి? పేరు, నంబరు చెప్పగలిగితే ఆ యాప్ ఉంచుకోండి. నీళ్లు నమిలితే మాలాగ సొంతంగా ఏర్పాటు చేసుకోండి. అమ్మ రోజూ పొద్దున్న చిట్టా పుస్తకం పేజీ ఫోటో తీసి నాకూ, ఆ నర్సమ్మాయికీ వాట్సాప్ చేస్తుంది. డాక్టరుగారు గీత గీసి ఇచ్చారు: మామూలు బరువు 68, 70 దాటితే ఫోన్. ఆ అమ్మాయికి నెలనెలా మేం కొంత ఇస్తాం, ఆమె వద్దన్నా సరే. 2019 మే తర్వాత నీరు పట్టి ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం నాన్నకి రాలేదు. రెండుసార్లు గీత దాటింది, రెండుసార్లూ ఆ రోజే ఫోన్ వచ్చింది, మాత్ర డోసు మార్చడంతో సరిపోయింది.

బరువు చూసే మిషన్ డిజిటల్‌ది తీసుకోండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఒకే చోట గచ్చు మీద పెట్టి చూడాలి. పరుపు మీదో చాప మీదో పెడితే అంకె మారుతుంది. మీ నాన్నగారి ఎకోలో పంపింగ్ ఎంత అన్నారో డిశ్చార్జి కాగితంలో చూడండి. అది తగ్గి ఉంటే ఈ బరువు సంగతి రేపటి నుంచే మొదలుపెట్టండి.