బామ్మర్దికి, రిటైర్మెంట్‌కి ఆరు నెలల ముందు

అబ్బయ్యా,

ఫోన్లో ఉన్నంతసేపూ సన్మానం గోలే. కల్యాణ మండపమా, స్కూల్లోనే షామియానా వేద్దామా అని. ఆ సంగతి మీ స్టాఫ్ చూసుకుంటారు గానీ, నీ ఎస్సార్, అదే సర్వీసు రిజిస్టరు, ఎప్పుడు తిరగేశావో అది చెప్పు.

నేను తిరగేయలా. ఇన్నేళ్లు స్కూలు బీరువాలో ఉంది గదా, యాడికి పోతుందిలే అనుకున్నా. తీరా రిటైరయ్యాక పెన్షన్ ఫైలు వెనక్కొచ్చింది. ఏందయ్యా అంటే, మెట్ట నుంచి కావలి వైపు బదిలీ అయిన ఏడాదిలో ఎనిమిది నెలలకి సర్వీసు వెరిఫై చేసిన సంతకం లేదంట. పాత స్కూలేమో కొత్త స్కూల్ని అడగమంది, కొత్తదేమో పాతదాన్ని. దుమ్ములో జీతాల బిల్లులు వెతికించి ఆ ఒక్క సంతకం పెట్టించుకునేసరికి ఐదు నెలలు. అన్నాళ్లూ ఇల్లు మీ అక్క చీటీ పాడిన డబ్బుతో నడిచింది. పులుసులో ఉప్పెక్కువైందని అన్నానంటే ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

అందుకని ఈ వారమే హెడ్మాస్టర్ని అడిగి ఎస్సార్ ముందేసుకుని కూర్చో. మొదటి పేజీ నుంచి. ఏడాదేడాదికీ వెరిఫికేషన్ సంతకం, ఇంక్రిమెంట్లు, జీతాల సవరణ (పీఆర్సీ) ఫిక్సేషన్లు. వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కీ, ఎన్నికల డ్యూటీకీ పోయినందుకు వచ్చిన ఈఎల్ (ఆర్జిత సెలవు) జమ పడిందో లేదో చూడు. చివర్లో 300 రోజుల దాకా డబ్బు కడతారు. పుస్తకంలో ఎక్కకపోతే నువ్వు ఎండలో తిరిగిందంతా వృథా. మా చెల్లెలి పేరు ఆధార్‌లో ఎట్లుందో పెన్షన్ ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా అట్లే ఉండాలి. నామినేషన్ పెళ్లికి ముందు రాసిందైతే అందులో ఇంకా అత్తమ్మ పేరే ఉంటుంది. ఆమె పోయి పదేళ్లాయె.

కమ్యుటేషన్ సంగతి అడిగావు. పెన్షన్‌లో 40 శాతం దాకా ముందే అమ్ముకుని ఏకమొత్తంగా తీసుకోవచ్చు. నీ పెన్షన్ 40 వేలనుకో. నెలకి 16 వేలు కోత పడి 24 వేలు మిగులుతుంది. కరువు భత్యం మాత్రం మొత్తం 40 వేల మీదే కడతారు, అదొక్కటి నయం. ఆ కోత 15 ఏళ్లు. 62కి దిగుతున్నావు, నిండు పెన్షన్ మళ్లీ చూసేసరికి నీకు 77. వడ్డీకి తెచ్చిన అప్పుంటే తీసుకుని తీర్చేయ్. ఊరికే వస్తుంది గదా అని మాత్రం తీసుకోబాక.

డబ్బు పడిందని ఎట్లా తెలుస్తుందో ఏమో, హైవే పక్కన ప్లాట్లు చూపిస్తామని కారేసుకుని వస్తారు. మధ్యాహ్నం బిర్యానీ కూడా పెట్టిస్తారు. బిర్యానీ తిని ఇంటికొచ్చెయ్. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో ఒకరి పేరున 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. పాసుపుస్తకాలు యాడున్నాయో, ఏ బ్యాంకులో ఏముందో మా చెల్లెలికి చూపించు. ఈ మాట మాత్రం వాయిదా వేయబాక. చిన్నోడి వ్యాపారానికి డబ్బిస్తానని మాటిచ్చావంట! చేతికి రాని డబ్బుకి మాటెందుకిచ్చావు? సరే, ఇచ్చావు గాబట్టి ఎంతిస్తావో ఇప్పుడే వాడికి అంకె చెప్పెయ్.

పొద్దుపోవడమంటావా, దానికి నా దగ్గర సలహా లేదు. మొదటి సోమవారం నేను తొమ్మిదింటికల్లా ఇన్‌షర్ట్ చేసుకుని, జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని వరండాలో కూర్చున్నా. మీ అక్క కాసేపు చూసి, మాట్లాడకుండా సంచి చేతికిచ్చి మార్కెట్‌కి పంపింది. ఆ రోజు నేను తెచ్చిన బెండకాయలన్నీ ముదురే.

ఆదివారం ఎస్సార్ జిరాక్సు తీసుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం. చదివే కళ్లద్దాలు మర్చిపోబాక. మామిడికాయ వేసి చేపల పులుసు పెడతానంది అక్క.

మీ బావ