ఇంటర్ బైపీసీ అయింది: ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్ కోసం ఆగాలా, ఫారెస్ట్రీ డిగ్రీలో చేరాలా?

తమ్ముడూ, ఆగొద్దు, చేరు. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ నాలుగేళ్లు, ఈఏపీసెట్ ర్యాంకు మీద సీటు. 2017 బీట్ ఆఫీసర్ నోటిఫికేషన్‌కు ఇంటరే అర్హత. కాబట్టి చదువుతూనే ఆ పరీక్షకు సిద్ధం కావచ్చు.

ఆ పరీక్షలో చాలామందిని వెనక్కి పంపేది నడక. మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. 25 అంటే కిలోమీటరుకు దాదాపు తొమ్మిదిన్నర నిమిషాలు. మొదటి పది ఉరికితే చివర్లో పిక్కలు పట్టేస్తాయి. కొత్త బూట్లతో పోతే బొబ్బలు ఖాయం. మూడు నెలల ముందు నుంచి అవే బూట్లతో, వారానికో పొడుగు నడక పెంచుకుంటూ పోవాలి.

సర్కారు కొలువు రాకపోయినా అన్నం పెట్టే పని ఇంకోటుంది: నేల, నీటి సంరక్షణ. దానికి ఏ-ఫ్రేమ్, అంటే వాలు నేల మీద సమమట్టం చూసే కర్రల చట్రం, చేతికి రావాలి. రెండు మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టు, నడుమ అడ్డకర్ర బిగించు, పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయి. కాళ్లు ఆనిన చోట్ల నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత గియ్యి. అవే గుర్తుల మీద కాళ్లు తారుమారు చేసి మళ్లీ గియ్యి. ఆ రెండు గీతల సరిగ్గా మధ్యన దారం నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అట్లా అడుగడుగునా గుట్ట చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే కాంటూరు, అంటే ఒకే మట్టంలో సాగే గీత, దొరుకుతుంది. వాన నీళ్లు ఆపే కందకాలు ఆ గీత మీదే తవ్వాలి.

కందకాలు తెగేది ఆ గీత తప్పినప్పుడే. కంటి అంచనాతో తవ్వితే నీళ్లన్నీ ఒక కొసకు చేరి, అక్కడ గట్టు తెంచుకుని, కింది చెల్కలో గండి పెడతాయి. పొడుగు కందకంలో కొన్ని మీటర్లకొక మట్టి అడ్డం తవ్వకుండా వదలాలి. తీసిన మట్టి వాలు కిందివైపే పొయ్యాలి, అదీ అంచు నుంచి అడుగు దూరంలో. లేకుంటే మొదటి వానకే తిరిగి కందకంలో పడుతుంది.

చెట్లను బెరడు చూసి గుర్తుపట్టడం ఏప్రిల్‌లో, ఆకు రాలినప్పుడు నేర్చుకో. నల్లమద్ది బెరడు మొసలి తోలులా పగిలి ఉంటుంది. ఏగిసకు గాటు పడిన చోట ఎర్రటి జిగురు కారుతుంది. నల్లమలలో చెంచు పెద్దల వెంట నాలుగు రోజులు తిరిగితే పుస్తకంలో లేనిది తెలుస్తుంది. అయితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి అనుమతి తీసుకునే పో.

ఈలోగా మీ ఊళ్లో ఉపాధి హామీ కందకాలుంటే, తొలి గట్టి వాన వెలిసిన వెంటనే ఏ-ఫ్రేమ్ పట్టుకుపోయి, ఏ కొస పొంగిందో కొలిచి చూడు.