మందు ఎక్కని ఒళ్లు మంచిదా? మా నాయన, నేను, ఒక జపాన్ ఇంజినీరు

మీ నాన్నగారు తాగేవారు, మీరు నాలుగు పెగ్గులేసినా తూలరు, మీ ఫ్రెండ్‌కి ఒక్క బీరుకే మొహం ఎర్రబడుతుంది. మరి మీ ఒళ్లు తట్టుకునే రకం కాబట్టి భయం లేదా అని అడిగారు. ఇరవై నాలుగేళ్లప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది.

మాది తిరుపతి, పని శ్రీసిటీలో. మా షిఫ్టులో ఒక జపాన్ ఇంజినీరు ఉండేవాడు. పార్టీలో అర గ్లాసు బీరు తాగితే చాలు, చెవుల దాకా కందిపోయి, గుండె దడదడలాడుతోందంటూ గోడకి ఆనుకుని కూర్చునేవాడు. మేం నవ్వేవాళ్లం. నేనేమో ఫుల్ బాటిల్లో సగం లాగించి, మిగతావాళ్లని బండి మీద రూముల్లో దింపొచ్చేవాణ్ని. ‘వీడు కెపాసిటీ ఉన్నోడు’ అని పేరు.

లివర్‌లో ఆల్కహాల్ ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. తర్వాత ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ దాన్ని హాని లేని ఎసిటేట్‌గా మారుస్తుంది. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ సరిగా పనిచేయదు. విషం ఒంట్లో నిలిచిపోతుంది, తాగబుద్ధి కాదు, అందుకే వాళ్లలో వ్యసనం తక్కువ. అయినా పట్టుబట్టి తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. మన దక్షిణాదిలో ఈ మార్పు చాలా అరుదు. మీ ఫ్రెండ్‌ది అదేనో కాదో మొహం చూసి చెప్పలేం, బలవంతం మాత్రం చేయకండి.

ఇదే సంగతి మా ఇంట్లో ఇంకోరకంగా తెలిసింది. నాయన మానడం లేదని మా మేనత్త ఎవరో చెబితే డైసల్ఫిరామ్ మాత్రలు తెప్పించి, ఆయనకి తెలియకుండా సంగటిలోకి చేసిన పులుసులో కలిపింది. ఆ సాయంత్రం క్వార్టర్ తాగొచ్చిన నాయన మొహం అచ్చం ఆ జపానాయన మొహమే. వాంతులు, బీపీ పడిపోవడం, రాత్రంతా ఆస్పత్రి. ఆ మాత్ర సరిగ్గా ఆ ఎంజైమ్‌నే పనిచేయనివ్వదట. మనిషికి చెప్పి, ఒప్పుకుంటేనే ఇవ్వాలని డాక్టరు అత్తని గట్టిగా తిట్టాడు. నాయన నెలకే మళ్లీ మొదలుపెట్టాడు. ఇంట్లో తినడం మాత్రం మానేశాడు.

ఇక మీ కెపాసిటీ. మార్క్ షుకిట్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, తాగుడుకు బానిసలైనవాళ్ల కొడుకుల్ని ఇరవై ఏళ్ల వయసులో పరీక్షించి, దాదాపు పదేళ్ల తర్వాత మళ్లీ చూశాడు. అప్పట్లో మందు తక్కువ ఎక్కినవాళ్లలోనే ఎక్కువమంది బానిసలయ్యారు. ఎక్కలేదంటే రక్తంలో లేదని కాదు. పోలీసుల మిషన్‌కి మీ కెపాసిటీతో పనిలేదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే. ‘ఇంక చాలు’ అని ఒళ్లు చెప్పదు కాబట్టి నాలుగు ఐదవుతాయి, ఐదు ఏడవుతాయి.

అట్లాగని నుదుటిరాత కాదు. ఈ వ్యసనంలో జీన్స్ వాటా సుమారు సగం అంటారు. మా తమ్ముడు అదే నాయన కొడుకు, చుక్క ముట్టడు. జపాన్‌లోనే చూడండి. తాగుడుకు బానిసలైనవాళ్లలో ఆ ఎంజైమ్ లోపం ఉన్న జీన్ అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చినవాళ్లు 1979లో 2.5 శాతం, 1992కి 13 శాతం. పదమూడేళ్లలో జీన్స్ మారవు కదా, తాగే అలవాట్లు మారాయి.

నాకు ముప్పై ఆరో ఏట తెలిసొచ్చింది. పొద్దున షిఫ్టులో స్క్రూ బిగిస్తుంటే చెయ్యి వణికింది. ఒక పెగ్గేస్తే ఆగింది. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాను. మీకూ పొద్దున చేతులు వణుకుతుంటే ఉన్నట్టుండి సొంతంగా మానేయకండి, ఫిట్స్ రావచ్చు. సైకియాట్రిస్టుని కలవండి, లేదంటే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.