కొనే ముందే రాసుకోవలసిన అంకె

గుంటూరు

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు ఫోనులో చూపించిన క్రిప్టో కాయిన్ల లాభాల గురించి, బయలుదేరేటప్పుడు గుమ్మంలో నిలబడి అడిగిన రెండు లక్షల గురించి ఈ పది రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను. "ఏ కాయిన్ కొనమంటారు మామయ్యా?" అని నువ్వు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లకు పైగా మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపి, తరువాత కొంతకాలం షేర్లలోనూ, ఈ మధ్య చిన్న మొత్తంతో బిట్‌కాయిన్‌లోనూ చెయ్యి పెట్టినవాణ్ణిగా నాకు తెలిసింది ఒక్కటే: ఎంత కొనాలి, ఏ ధర దగ్గర బయటపడాలి అన్న రెండు సంగతులు కొనే ముందే తేల్చుకోనివాడికి మంచి సరుకు దొరికినా అది అతని చేతిలో నిలవదు.

నా సంగతే చెబుతాను, మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. ఒక ఏడాది సీజన్ మొదట్లో ధర బాగా లేస్తుందని నమ్మి, అప్పు తెచ్చి ఆరు వందల టిక్కీల, అంటే బస్తాల, తేజ రకం మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. రెండు నెలలకే ధర జారడం మొదలైంది. అప్పుడు అమ్మేసి ఉంటే పోయేది నా ఒక ఏడాది కమీషన్ మాత్రమే. కానీ సగటు ధర తగ్గుతుంది కదా అని మరో రెండు వందల టిక్కీలు కొన్నాను. వడ్డీ, స్టోరేజీ అద్దె నెలనెలా పెరుగుతుండగా, రేపు లేస్తుంది, వచ్చే వారం లేస్తుంది అనుకుంటూ కొత్త పంట యార్డుకు వచ్చేదాకా కూర్చున్నాను. చివరికి పెదకాకాని దగ్గరి స్థలం అమ్మి అప్పు తీర్చాను. నా అంచనా తప్పినందుకు నాకు బాధ లేదు, అంచనాలు అందరికీ తప్పుతాయి. ఎంతకు పడితే అమ్మేయాలో కొన్ననాడే కాగితం మీద రాసుకోలేదే అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

మిర్చికి కనీసం కొన్ని కట్లు ఉన్నాయి. సాయంత్రానికి యార్డు మూస్తారు, ఎండాకాలంలో సెలవులిస్తారు, ఎంత పడినా సరుకు సరుకుగానే మిగులుతుంది. నువ్వు దిగిన బజారుకు రాత్రి లేదు, ఆదివారం లేదు, ధర ఇంతకు మించి పడకూడదని ఆపే సర్క్యూట్ లేదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్లిన బిట్‌కాయిన్ సరిగ్గా ఏడాదికి 16 వేల కిందికి దిగింది. అది మళ్లీ లేచింది కదా అంటావు, నిజమే. కానీ 2022 మే నెలలో 80 డాలర్ల పైన ఉన్న లూనా అనే కాయిన్ వారం తిరిగేసరికి పైసల్లోకి వచ్చింది. ఆ పతనానికి ముందు దాని మార్కెట్ విలువ ప్రపంచంలోని మొదటి పది కాయిన్లలో ఉండేది. పడిందల్లా లేస్తుందన్న ధీమాతో లూనాను కిందకి వచ్చేకొద్దీ కొన్నవాళ్లు నేను ఆ ఏడాది మిర్చితో చేసిన పనే చేశారు. నాకు చివరికి ఎనిమిది వందల టిక్కీలైనా మిగిలాయి, వాళ్లకు అదీ లేదు.

ఇక ఎంత కొనాలన్న లెక్క. దీన్ని శ్రద్ధగా చదువు, అవసరమైతే కాలిక్యులేటర్ పక్కన పెట్టుకో. నీ దగ్గర ట్రేడింగ్‌కు కేటాయించిన సొమ్ము రెండు లక్షలు అనుకుందాం. ఒక్క ట్రేడులో అందులో ఒక శాతం, అంటే 2,000 రూపాయలకు మించి పోకూడదని నియమం పెట్టుకున్నావు. 100 రూపాయల దగ్గర ఒక కాయిన్ కొనాలనుకుంటున్నావు, చార్టు చూశాక 92కు వస్తే నీ అంచనా తప్పినట్లేనని నీకే అనిపించింది. మధ్య దూరం 8 శాతం. 2,000ను 8 శాతంతో భాగిస్తే 25,000 వస్తుంది. నువ్వు ఆ కాయిన్‌లో పెట్టదగిన సొమ్ము అంతే. ధర 80కి వస్తే గానీ తప్పు తేలదనుకుంటే దూరం 20 శాతం అవుతుంది, అప్పుడు పెట్టవలసింది 10,000 మాత్రమే. ముందు బయటపడే ధర, దాన్నిబట్టి పెట్టే మొత్తం అన్నది వరస. చాలామంది దీన్ని తిరగేసి, ముందు చేతిలో ఉన్నదంతా పెట్టేసి, ఆ తరువాత మనసు ఎంతవరకు ఓర్చుకుంటే అంతవరకు ఓర్చుకుంటారు.

ఒక శాతం మరీ తక్కువ అని నువ్వు నవ్వుతావని తెలుసు. వరుసగా పది ట్రేడులు నష్టపోవడం ఈ బజారులో వింత కాదు. ఒక్కోసారి ఒక శాతం చొప్పున పోతే నీ రెండు లక్షల్లో ఇంకా 1,80,000 పైచిలుకు ఉంటుంది. పది శాతం చొప్పున పోతే మిగిలేది 70,000 లోపు, దాన్ని తిరిగి రెండు లక్షలు చేయాలంటే మిగిలినదాని మీద దాదాపు 187 శాతం లాభం రావాలి. అంత లాభం కావలసినవాడు ప్రశాంతంగా ఆలోచించలేడు. ఇంకొక మాట, ఐదు కాయిన్లు కొన్నాను కనుక రిస్కు ఐదు చోట్ల పంచాను అని భ్రమపడకు. బిట్‌కాయిన్ పడిన రోజున చిన్నవన్నీ దానితోపాటు, సాధారణంగా దానికంటే ఎక్కువగా పడతాయి. ఐదింటినీ ఒకే బస్తాగా లెక్కపెట్టుకో.

ఫ్యూచర్స్, అంటే కాయిన్‌ను కొనకుండా దాని ధర మీద కుదుర్చుకునే ఒప్పందాల, సంగతి నువ్వు దాచినా నీ స్క్రీను మీద చూశాను. పది రెట్ల లివరేజ్, అంటే తాను కట్టిన సొమ్ముకు పది రెట్ల విలువైన పొజిషన్, తీసుకున్నవాడికి ధర వ్యతిరేకంగా పది శాతం కదిలితే మార్జిన్, అంటే ఆ కట్టిన సొమ్ము, అంతా పోతుంది, నిజానికి అంత దాకా కూడా రానివ్వకుండా కాయిన్లు కొని అమ్మే వేదిక అయిన ఎక్స్ఛేంజే ముందుగా లిక్విడేట్ చేసేస్తుంది, అంటే ఆ పొజిషన్‌ను బలవంతంగా మూసేస్తుంది. బిట్‌కాయిన్‌కే అప్పుడప్పుడు ఒక్క రోజులో పది శాతం కదలిక ఉంటుంది, చిన్న కాయిన్ల గురించి చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 10న అమెరికా అధ్యక్షుడు చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం ప్రకటించిన తరువాత, మన దగ్గర అందరూ నిద్రలో ఉన్న శనివారం తెల్లవారుజామున, ధరలు ఒక్కసారిగా కూలాయి. ఒక్క రోజులో లిక్విడేట్ అయిన పొజిషన్ల విలువ 1,900 కోట్ల డాలర్ల దాకా తేలింది. అలా పోగొట్టుకున్నవాళ్లలో కాయిన్ భవిష్యత్తును సరిగ్గానే అంచనా వేసినవాళ్లూ ఉంటారు, కానీ వాళ్ల పొజిషన్ తెల్లారేదాకా బతకలేదు. అందుకని కనీసం ఒక ఏడాది నీ లెక్కల పుస్తకం చూసుకున్నాక తప్ప ఫ్యూచర్స్ జోలికి వెళ్లవద్దని నా మాట. పర్సనల్ లోన్ తెచ్చి స్పాట్‌లో, అంటే నేరుగా కాయిన్నే, కొన్నా అదీ లివరేజే, పేరు వేరంతే.

పన్ను విషయంలో మీ తరం కుర్రవాళ్లు పెద్దగా లెక్క వేస్తున్నట్లు కనిపించదు, కానీ మన దేశంలో రిస్కు లెక్కలో సగం అక్కడే ఉంది. 2022 బడ్జెట్‌లో వచ్చిన నిబంధన ప్రకారం కాయిన్లు అమ్మిన లాభం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు ఉంటాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు. ఒక కాయిన్ మీద వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసివేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. ఒక కాయిన్‌లో లక్ష లాభం, మరొకదానిలో ఎనభై వేల నష్టం వచ్చిందనుకో. నీ జేబులో మిగిలింది ఇరవై వేలు, కట్టవలసిన పన్ను 31,200. ఏడాదంతా కష్టపడి, నికరంగా గెలిచి, చివరికి 11,200 చేతి నుంచి పెట్టుకోవాలి! షేర్లలో ఇంత కఠినంగా ఉండదు కాబట్టి అక్కడి అలవాటుతో ఇక్కడికి వచ్చినవాళ్లు రిటర్న్ వేసే రోజున తెల్లబోతారు.

దీనికి తోడు 2022 జూలై నుంచి అమ్మిన మొత్తం మీద ఒక శాతం టీడీఎస్, అంటే చెల్లింపు దగ్గరే పట్టుకునే పన్ను, కోస్తున్నారు. లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. లక్ష రూపాయలను లాభం, నష్టం లేకుండా ముప్పైసార్లు కొని అమ్మినా దాదాపు 26,000 టీడీఎస్‌కు పోయి, నీ చేతిలో తిరిగేది 74,000 అవుతుంది. రిటర్న్ వేస్తే ఆ సొమ్ము లెక్కలోకి వస్తుంది, నిజమే, కానీ అప్పటిదాకా అది నీ పెట్టుబడి కాదు. ఈ రెండు నిబంధనలూ కలిసి చెబుతున్నదేమంటే, రోజుకు పదిసార్లు కొని అమ్మే పద్ధతికి మన దేశంలో లెక్క కుదరదు. నెలకు మూడో నాలుగో ట్రేడులు, బాగా ఎంచుకుని చేయి. లాభం వచ్చిన ప్రతిసారీ అందులో మూడో వంతు తీసి వేరే బ్యాంకు ఖాతాలో పడేయి, అది ప్రభుత్వానిదనుకుని మరిచిపో.

సొమ్ము ఎక్కడ ఉంచాలన్నది కూడా రిస్కే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే విదేశీ ఎక్స్ఛేంజ్ దివాలా తీసినప్పుడు దానిలో సొమ్ము ఉంచినవాళ్లు ధరను సరిగ్గా ఊహించినా ఫలితం లేకపోయింది. 2024 జూలైలో మన దేశపు ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా దొంగిలించాక అక్కడి ఖాతాదారులు ఏడాదికి పైగా తమ కాయిన్లను తీసుకోలేకపోయారు. ఆర్థిక నిఘా విభాగం, అంటే ఎఫ్‌ఐయూ, దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే ఖాతా తెరువు, ట్రేడింగ్‌కు కావలసినంతే అక్కడ ఉంచు. దీర్ఘకాలం దాచుకునేది సొంత వాలెట్‌లోకి మార్చుకుని, దాన్ని తెరిచే రహస్య పదాల వరస అయిన సీడ్ ఫ్రేజ్‌ను కాగితం మీద రాసి ఇంట్లో బంగారం పెట్టే చోటే పెట్టు, దాన్ని ఫోటో మాత్రం తీయవద్దు. టెలిగ్రామ్ గ్రూపుల సలహాల గురించి వేరే చెప్పను, యార్డులో ధర పెంచే పుకారును ఎవరు పుట్టిస్తారో నీ చిన్నతనంలో కొట్టులో కూర్చుని విన్నావు.

అన్నిటికంటే కష్టమైనది నష్టం వచ్చిన సాయంత్రం. మన పెద్దవాళ్లు పోయిన చోటే వెతుక్కోమన్నారు, ఉంగరం పోతే అది మంచి సలహాయే. ఇక్కడ మాత్రం అదే మాట మనిషిని ముంచుతుంది, ఎందుకంటే పోయినదాన్ని ఆ రాత్రికే రాబట్టాలని కూర్చున్నవాడు రెట్టింపు మొత్తం పెడతాడు, స్టాప్‌లాస్, అంటే ఫలానా ధరకు పడితే అమ్మేయమని ముందే పెట్టిన ఆర్డరు, తీసేస్తాడు, రెండు గంటల తరువాత పెళ్లాంతో అబద్ధమాడతాడు. నేను ఆ మూడూ చేశాను. కాబట్టి ఒక రోజులో రెండు నష్టాలు వస్తే ఆ రోజుకు యాప్ మూసేయి, నెలలో ఆరు శాతం పోతే ఒకటో తేదీ దాకా తెరవవద్దు. స్టాప్‌లాస్‌ను మనసులో కాక ఆర్డరుగా పెట్టు. ధర నీకు అనుకూలంగా కదిలితే దాన్ని పైకి జరుపుకో, ఎన్నడూ కిందికి జరపకు.

ఇప్పుడు నువ్వడిగిన రెండు లక్షల సంగతి. ఆ డబ్బు నేను ఇస్తానో లేదో ఇంకా తేల్చుకోలేదు. నీ దగ్గర మిగులు ఉంటుంది కదా, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక అందులోంచి ఇరవై వేలతో మొదలుపెట్టు. ఒక ఎర్ర అట్ట లెక్కల పుస్తకం కొని, ప్రతి ట్రేడుకూ ముందే ఎందుకు కొంటున్నావో, ఎంత పెడుతున్నావో, ఏ ధరకు తప్పు ఒప్పుకుంటావో రాయి. అమ్మిన తరువాత, రాసినట్లే చేశావా లేదా అన్నది పక్కన రాయి. లాభమా నష్టమా అన్న గడి నేను చూడను, ఆ చివరి గడి మాత్రమే చూస్తాను. దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురా, డబ్బు మాట అప్పుడు మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం చదివాక మీ అమ్మకు ఫోను చెయ్యి, పెదకాకాని స్థలం సంగతి మాత్రం ఎత్తవద్దు, అది నేనే చెప్పాలి.

ఇట్లు,
మీ మామయ్య