కేబుల్ పెట్టాం, ఫోన్ మోగట్లేదు: ఆఫీసు ఐపీ ఫోన్లపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆఫీసు టేబుల్ మీద పెట్టుకునే ఇంటర్నెట్ ఫోన్ల గురించే ఉన్నాయి. ఒకే ఇబ్బంది రాసినవాళ్లవి కలిపేసి జవాబిస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది ఆరుగురు పనిచేసే ఆడిటర్ ఆఫీసు. పాత ల్యాండ్‌లైన్, ఇంటర్‌కమ్ తీసేసి ఐపీ ఫోన్లు కొన్నాం. కనెక్షన్ ఇచ్చినవాళ్లు నంబర్లు, పాస్‌వర్డ్‌లు మెయిల్లో పంపి ఊరుకున్నారు. డబ్బాల్లో అడాప్టర్లు కూడా లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? (విజయవాడ)

జవాబు: అడాప్టర్ లేదని షాపువాడితో గొడవ పెట్టుకోకండి, చాలా మోడళ్లకు అది విడిగానే అమ్ముతారు. ఈ ఫోన్లు నెట్‌వర్క్ కేబుల్లోంచే కరెంటు తీసుకోగలవు, దాన్నే పీఓఈ అంటారు. మీ ఆఫీసులో కేబుళ్లన్నీ వచ్చి చేరే స్విచ్ మీద పీఓఈ అని రాసి ఉంటే ఇంక అడాప్టర్‌తో పనే లేదు. లేకపోతే ఫోన్‌కొక అడాప్టర్ కొనాలి, లేదా స్విచ్ మార్చాలి. ఆరు ఫోన్లంటే నేనైతే స్విచ్చే మార్చమంటాను. మామూలు పీఓఈ స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, సాదా డెస్క్ ఫోన్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు. అడాప్టరే కొంటే మాత్రం ఫోన్ అడుగున స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి కొనండి. కొన్నింటికి 5 వోల్టులు, కొన్నింటికి 12, కొన్నింటికి 48. పిన్ను పట్టింది కదా అని ఇంట్లో ఉన్న పాత మోడెమ్ అడాప్టర్ గుచ్చితే ఫోన్ కాలిపోవచ్చు.

ఫోన్ వెనక ఒకేలా ఉండే రెండు పోర్టులు కనిపిస్తాయి. ల్యాన్ లేదా ఇంటర్నెట్ అని ఉన్నదానికి స్విచ్ నుంచి వచ్చే కేబుల్, పీసీ అని ఉన్నదానికి మీ కంప్యూటర్ కేబుల్. ఇవి తారుమారైతే పీఓఈ కరెంటు అందదు, ఫోన్ వెలగనే వెలగదు. ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, దయచేసి స్టాఫ్ అందరికీ చెప్పండి: ఖాళీగా కనిపించింది కదా అని ఆ రెండో పోర్టు నుంచి కూడా కేబుల్ తెచ్చి గోడ సాకెట్లో పెట్టకూడదు. ఒకే స్విచ్‌కు రెండు దారులు కలిసి లూప్ ఏర్పడుతుంది, స్విచ్ సాదాదైతే ఆఫీసు నెట్ మొత్తం పడిపోతుంది, ఫోన్ వల్లే ఇలా అయిందని ఎవరికీ తట్టదు కూడా.

ఫోన్ వెలిగాక మెనూలో స్టేటస్‌లోకి వెళ్తే 192.168 తో మొదలయ్యే ఒక అడ్రస్ కనిపిస్తుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి ఆ అడ్రస్ కొట్టండి, ఫోన్ సెట్టింగుల పేజీ వస్తుంది. సర్టిఫికెట్ సరిగ్గా లేదని బ్రౌజర్ హెచ్చరించవచ్చు, మీరు కొట్టింది మీ ఫోన్ అడ్రస్సే కాబట్టి ముందుకెళ్లండి. లోపలికి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. తర్వాత అకౌంట్ పేజీలో మెయిల్లో వచ్చిన వివరాలు నింపాలి: సర్వర్ అడ్రస్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. యూజర్ నేమ్ కింద రిజిస్టర్ నేమ్ లేదా ఆథెంటికేషన్ ఐడీ అని ఇంకో గడి ఉంటుంది. కొందరు ప్రొవైడర్లు రెండింటికీ ఒకటే ఇస్తారు, కొందరు వేరువేరు ఇస్తారు, మెయిల్ మళ్లీ ఒకసారి చదవండి. పాస్‌వర్డ్ కాపీ చేసేటప్పుడు చివర ఒక స్పేస్ అంటుకుని వచ్చినా రిజిస్టర్ కాదు, అంటే సర్వర్ ఆ ఫోన్‌ని చేర్చుకోదు. అన్నీ సరిపోతే అదే పేజీలో రిజిస్టర్డ్ అని కనిపిస్తుంది. అది కనిపించేదాకా రిసీవర్ ఎత్తి నంబర్లు నొక్కి లాభం లేదు.

టైమ్ జోన్ +5:30 పెట్టడం మర్చిపోకండి, మిస్డ్ కాల్ టైములు తప్పు చూపిస్తే రేపు క్లయింటుతో మాట పడాల్సి వస్తుంది. ఇక పరీక్ష మూడు రకాలుగా చేయండి: పక్క టేబుల్‌కి ఒక కాల్, సెల్‌ఫోన్‌కి ఒకటి, సెల్ నుంచి ఆఫీసు నంబరుకి ఒకటి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నంబరు నుంచి మొబైల్‌కి చేస్తే ముందు సున్నా కొట్టాలన్న నిబంధన ఉంది. మీ నంబరు ల్యాండ్‌లైన్ తరహాదైతే ఆ సున్నా మీరే కొట్టాలా, సిస్టమే చేర్చుకుంటుందా అని ప్రొవైడర్‌ని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మాట్లాడుతుండగా సరిగ్గా అర నిమిషానికి కాల్ కట్ అవుతోంది. ఒక్కోసారి మా మాట అవతలికి వినిపిస్తుంది, వాళ్లది మాకు వినిపించదు. ఫోన్ మార్చినా అంతే. (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జవాబు: ఫోన్ మార్చక్కర్లేదండి, అనుమానించాల్సింది రౌటర్‌ని. సరిగ్గా అర నిమిషం అన్నారు చూశారూ, ఆ మాటతోనే సగం విషయం తెలిసిపోయింది. ఈ ఫోన్లు మాట్లాడుకునే పద్ధతిని సిప్ అంటారు. కాల్ ఎత్తగానే ఎత్తిన వైపు నుంచి 'సరే' అనే సందేశం వెళ్తుంది, దానికి 'అందింది' అనే రసీదు తిరిగి రావాలి. రాకపోతే ఎత్తిన వైపు ఫోన్ అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లు చూసి, మామూలుగా కాల్‌ని ముగించేస్తుంది. ఆ 32 సెకన్లు సిప్ నిబంధనల్లోనే ఉన్న లెక్క. అంటే మీ రసీదు దారిలో ఎక్కడో పోతోంది.

ఎక్కువసార్లు దానికి కారణం రౌటర్లో ఉండే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్. సాయం చేద్దామని పెట్టినదే, సిప్ సందేశాల లోపల ఉన్న అడ్రసులను అది దిద్దుతుంది, దిద్దడంలో తప్పులు చేస్తుంది. మాట ఒకవైపే వినిపించడానికీ తరచూ కారణం అదే, గొంతును ఏ అడ్రస్‌కి పంపాలో తప్పుగా రాసి పెడుతుంది. రౌటర్ పేజీలో దాన్ని ఆఫ్ చేసి, రౌటర్‌నీ ఫోన్లనూ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బా వెనక మీ సొంత రౌటర్ కూడా ఉంటే రెండింట్లోనూ చూడాలి. కంపెనీ డబ్బాకు మీకు లాగిన్ ఇవ్వకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 'సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయండి' అని ఇవే మాటల్లో చెప్పండి, 'వాయిస్ రావట్లేదు' అంటే స్పీడ్ టెస్ట్ చేయమంటారు. అయినా తగ్గకపోతే, ప్రొవైడర్ దగ్గర సదుపాయం ఉంటే ఫోన్లో ట్రాన్స్‌పోర్ట్ అన్నచోట యూడీపీ బదులు టీఎల్ఎస్ పెట్టండి. అప్పుడు సందేశాలు గుప్తంగా వెళ్తాయి, మధ్యలో రౌటర్ వాటిని చదవలేదు కాబట్టి దిద్దలేదు.

పొద్దున బాగానే ఉండి కాసేపటికి ఇన్‌కమింగ్ రావడం మానేస్తోందని రాసినవాళ్లు ఫోన్లో కీప్ అలైవ్ (మధ్యమధ్య చిన్న సందేశం పంపుతుండే సెట్టింగ్) 30 సెకన్లకు పెట్టి చూడండి. ఫోన్ చాలాసేపు మౌనంగా ఉంటే రౌటర్ ఆ దారి మూసేస్తుంది.

ప్రశ్న: మేడమ్ అయినా సార్ అయినా, నా బాధ వినండి. క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేస్తాను. డాక్టర్‌గారికి కాల్ కలిపేటప్పుడు సగం కాల్స్ కట్ అయిపోతున్నాయి, పేషెంట్లు నన్నే తిడుతున్నారు. (కరీంనగర్)

జవాబు: తిట్లు మీరు పడాల్సిన అవసరమే లేదమ్మా, మీకు ఫోన్ ఇచ్చారుగానీ ఎవరూ నేర్పించలేదు. ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కండి, పేషెంటుకి పాట వినిపిస్తుంటుంది. డాక్టర్‌గారి ఎక్స్‌టెన్షన్ కొట్టి కాల్ బటన్ నొక్కండి. ఆయన ఎత్తాక 'ఫలానావారు లైన్లో ఉన్నారు సార్' అని చెప్పి, మళ్లీ ట్రాన్స్‌ఫర్ నొక్కండి. స్క్రీన్ మీద ట్రాన్స్‌ఫర్ అయినట్టు కనిపించాకే రిసీవర్ పెట్టండి. మీ దగ్గర కాల్స్ పోతున్నది బహుశా ఇక్కడే, పాత ఇంటర్‌కమ్‌లో రిసీవర్ పెట్టేస్తే కలిసిపోయేది, ఈ ఫోన్లలో అది సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. ఆయన ఎత్తకపోతే క్యాన్సిల్ నొక్కి, హోల్డ్‌లో ఉన్న పేషెంటును రెజ్యూమ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆయనకు చెప్పకుండా నేరుగా పంపేయడం కూడా ఉంది, కానీ క్లినిక్‌లో అది వద్దు, ఎత్తేవాళ్లు లేకపోతే నొప్పితో ఉన్న మనిషి గాల్లో వేలాడతాడు.

ఒక్కోరోజు ఫోన్ మోగనే మోగదని కూడా రాశారు. స్క్రీన్ మీద డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్, అంటే గంట మోగనివ్వొద్దని) ఉందేమో చూడండి. తుడిచేటప్పుడు ఆ బటన్ నొక్కుకుపోతుంటుంది.

ప్రశ్న: కరెంటు పోతే ఫోన్ చచ్చిపోతోంది. పాత ల్యాండ్‌లైన్‌కి ఈ బాధ లేదు. (నిజామాబాద్)

జవాబు: నిజమే. పాత ఫోన్‌కి కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచి రాగి తీగ మీదే వచ్చేది. ఇప్పుడు ఫైబర్ డబ్బా, రౌటర్, స్విచ్, ఫోన్ నాలుగూ వెలుగుతుంటేనే గంట మోగుతుంది. వైఫై కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఫైబర్ డబ్బాకు, రౌటర్‌కు సరిపోతుందిగానీ పీఓఈ స్విచ్‌ని సాధారణంగా నడపలేదు. కంప్యూటర్‌కి వాడే మామూలు యూపీఎస్ ఒకటి స్విచ్ దగ్గర పెట్టి ఆ మూడూ దానికే తగిలించండి, పీఓఈ మీద ఉన్న ఫోన్లన్నీ దానితోనే బతుకుతాయి. ఇంకో జాగ్రత్త, ఫోన్ అందుబాటులో లేకపోతే కాల్ ఫలానా సెల్‌కి పోవాలన్న ఏర్పాటు ప్రొవైడర్ సర్వర్లో చేయించండి. ఫోన్లో పెట్టుకున్న ఫార్వర్డ్ ఫోన్ ఆగిపోయాక పని చేయకపోవచ్చు.

ప్రశ్న: రాత్రి రెండింటికి ఆఫీసు ఫోన్ మోగుతుంది, 1001 అని నంబరు, ఎత్తితే ఎవరూ ఉండరు. వాచ్‌మన్ భయపడి ఆ గదిలో పడుకోనంటున్నాడు. (కాకినాడ)

జవాబు: అతనికి ధైర్యం చెప్పండి, ఆ కాల్ చేసేది ఏదో దేశంలో నడుస్తున్న ప్రోగ్రామ్. ఇంటర్నెట్ మీద 5060 పోర్టు (ఇది ఫోన్ వెనక ఉండే సాకెట్ కాదు, సిప్ సందేశాలు వచ్చే తలుపు నంబరు లాంటిది) తెరిచి ఉన్న ఫోన్లను వెతుక్కుంటూ తిరుగుతుంది, దొరికిన చోటల్లా తలుపు కొడుతుంది. రౌటర్లో ఎవరైనా ఆ పోర్టును ఫోన్‌కి ఫార్వర్డ్ చేసి పెట్టి ఉంటే తీసేయండి. ఫోన్ సెట్టింగుల్లో తన సర్వర్ నుంచి వచ్చే కాల్స్ మాత్రమే తీసుకోవాలన్న ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. గంట మోగడం వల్ల నష్టం లేదు. ఎక్స్‌టెన్షన్ 101, పాస్‌వర్డ్ కూడా 101 అని పెట్టుకున్న ఆఫీసుల గురించే నాకు దిగులు. అవి ఇలాంటివాళ్లకు చిక్కితే రాత్రికి రాత్రే ఐఎస్‌డీ కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మీకు వస్తుంది. విదేశాలతో పనిలేకపోతే ఐఎస్‌డీ ఇవాళే మూయించండి.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి మా కంపెనీ పనే చూస్తాడు. ఒక ఫోన్ అక్కడికి పంపితే ఎక్స్‌టెన్షన్‌లా పని చేస్తుందా? (గుంటూరు)

జవాబు: నెట్ ఉన్న ఏ చోటైనా ఫోన్ రిజిస్టర్ కాగలదు, అడాప్టర్ మాత్రం 120 వోల్టులకు పనికొచ్చేది ఉండాలి. మీరూ అబ్బాయీ ఎక్స్‌టెన్షన్ నుంచి ఎక్స్‌టెన్షన్‌కి మాట్లాడుకోవడం వేరు, అక్కడి నుంచి ఇక్కడి నంబర్లకు లోకల్ కాల్‌లా పంపడం వేరు. విదేశీ కాల్స్‌ని దొంగదారిన లోకల్ కాల్స్‌గా మార్చే అక్రమ ఎక్స్‌ఛేంజీల మీద పోలీసు కేసులు పడుతుంటాయి. అందుకని లైసెన్సు ఉన్న ఆపరేటర్ దగ్గరే లైన్ తీసుకుని, విదేశంలో వాడుకునే విషయం మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఫోన్ పంపండి.

ప్రశ్న: బ్యాంకుకి ఫోన్ చేస్తే 'తెలుగు కోసం 1 నొక్కండి' అంటుంది, నొక్కినా పట్టించుకోదు. (తిరుపతి)

జవాబు: అకౌంట్ సెట్టింగుల్లో డీటీఎంఎఫ్ (మీరు నొక్కిన అంకె అవతలికి చేరే పద్ధతి) అన్నచోట ఇన్‌బ్యాండ్ అని ఉంటే ఆర్ఎఫ్‌సీ 2833 కి మార్చండి. సేవ్ కొట్టి మళ్లీ చేసి చూడండి. అప్పటికే 2833 ఉంటే మీ ప్రొవైడర్ ఏది వాడుతున్నాడో అడిగి అదే పెట్టండి, రెండువైపులా ఒకటే ఉండాలి.