పాలసీ లాయర్ కావాలంటే క్లాసికల్ లిబరల్ అయి ఉండాలా?

గుంటూరులో లా మూడో ఏడు చదువుతున్నానని, కోర్టు కన్నా పాలసీ వైపు మనసు లాగుతోందని, అక్కడివాళ్లంతా తాము 'క్లాసికల్ లిబరల్' (అంటే మనిషి వృత్తి, వ్యాపారాల్లో సర్కారు జోక్యం వీలైనంత తక్కువుండాలనేవాళ్లు) అంటుంటే బెరుగ్గా ఉందని అడిగారు.

నేను విజయవాడలో రెండేళ్లు సివిల్ సీనియర్ దగ్గర వాయిదాలు రాసుకుని, ఆ తర్వాత ఢిల్లీ వెళ్లి బిల్లుల ముసాయిదాలు చదివే పనిలో పడ్డాను. ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "ఏదో రాస్తుంటాడు" అంటుంది. అదీ నిజమే. బిల్లు చేతికొస్తే అనుమతి ఎవరివ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, కాదంటే కారణం రాసివ్వాలా, పైన అప్పీలుందా అని వెతికి నాలుగు పేజీల నోట్ రాస్తాం. చాలా నోట్లు ఎవరూ చదవరు, ముందే చెప్తున్నా.

ఇక లిబరల్ సంగతి. మా తాతయ్య గుంటూరులో కంసాలి. 1963 జనవరిలో బంగారం నియంత్రణ తెచ్చి, 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. పద్నాలుగు క్యారెట్ల పుస్తెలు ఎవరు చేయించుకుంటారు? కుంపటి ఆరిపోయింది. తాతయ్య ఒక పొగాకు వ్యాపారి దగ్గర లెక్కలు రాశాడు. ఊదుగొట్టం మాత్రం అమ్మలేదు. చైనా యుద్ధం, విదేశీ మారకం కరువు, దొంగ బంగారం... సర్కారుకు కారణాలు లేకపోలేదు. 1966లో ఆ క్యారెట్ల నిబంధన ఎత్తేసినా, 1968లో ఏకంగా చట్టమే చేశారు.

ఆ చట్టం మీద 1969లో వచ్చిన హరక్‌చంద్ బాంఠియా తీర్పు నాకు లా కాలేజీలో తగిలింది. డీలర్ లైసెన్సుకు 'దరఖాస్తుదారు యోగ్యత', 'ప్రజాప్రయోజనం' లాంటి కొలతలేని మాటలు పెట్టి, అంతా అధికారి ఇష్టానికి వదిలేస్తే రాజ్యాంగం 19(1)(జి) అధికరణ కింద ఉన్న వృత్తి హక్కుకు అర్థం లేదని సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసింది. మిగతా చట్టం 1990 దాకా బతికింది. ఆ రోజు నుంచీ ఏ బిల్లు తీసినా నా కన్ను ముందు అలాంటి మాటల మీదకే పోతుంది. అది లిబరలిజమో, కంసాలి మనవడి కోపమో నాకే తెలీదు.

లిబరల్ అంటే ఢిల్లీ సరుకనుకోకండి. నిడుబ్రోలు రంగాగారు, అదే రైతు నాయకుడు ఎన్.జి. రంగా, మన జిల్లా రైతు బిడ్డే. సహకార వ్యవసాయం మీద కాంగ్రెస్ చేసిన నాగపూర్ తీర్మానాన్ని ఎదిరించి, 1959లో రాజాజీతో కలిసి, సర్కారు నియంత్రణలు తగ్గాలనే స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు.

అయితే నియంత్రణ వద్దనడమే అన్నిటికీ మందు కాదు. మిరప విత్తనం ప్యాకెట్లో ఏముందో రైతుకు పూతకొచ్చే దాకా తెలీదు. అప్పటికి పెట్టుబడంతా మట్టిలో ఉంటుంది. అక్కడ 'కొనేవాడే చూసుకోవాలి' అని నేను రాయలేను, రాయలేదు కూడా. దాని మీద మా ఆఫీసులో పెద్ద గొడవే అయింది, ఉద్యోగం మాత్రం పోలేదు. కాబట్టి మీరేం బెరుకు పడక్కర్లేదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రింటు తీసుకుని, విజయవాడ బీసెంట్ రోడ్డులో తెలిసిన బట్టల కొట్టాయన పక్కన ఒక పూట కూర్చోండి. చట్టం పెట్టమన్న రిజిస్టర్లలో ఆయన దగ్గర ఏవి ఉన్నాయో, లేనివి ఎందుకు లేవో అడగండి. మీ మొదటి నోట్ దాని మీదే రాసి నాకు పంపండి, చదువుతాను.